సాయంత్రం పూట వార్డుకు పంపినవాళ్ళు

మూడో అంతస్తు వరండాలో మమ్మల్ని అందరూ "మూడు వాళ్ళు" అనేవాళ్ళు. అది మా పెద్దమ్మ పడుకున్న మంచం నెంబరు. ఐసీయూ తలుపు దగ్గర కూర్చునే కాపలా తాత ఎవరినీ పేరు పెట్టి పిలవడు. తలుపు కాస్త తెరిచి, తల మాత్రం బయటపెట్టి, "నాలుగు తాలూకు ఎవరండీ? మందులు తేవాలి" అంటాడు. నాలుగు తాలూకు మనిషి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుతాడు. ఆరు తాలూకు ఆవిడ మొదటి రోజే నన్ను పలకరించి, "మీరు మూడా అమ్మా? అయితే మాకు ఎదురే" అంది, ఏదో ఒకే వీధిలో ఇళ్ళు అద్దెకు తీసుకున్నట్టు.

అంత పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ మంచాలు ఆరే ఉన్నాయి. కింద అత్యవసర విభాగంలో ఎంతమంది వచ్చినా, పైన ఒకటి ఖాళీ అయితేనే ఇంకొకరిని తెస్తారు. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ కూర్చుంటే రెండు రోజుల్లో అదే తెలిసిపోతుంది.

మా పెద్దమ్మ బట్టలు కుడుతుంది. మా ఇంటి నుంచి బడి దూరమని అయిదో తరగతిలో నన్ను ఆమె దగ్గర ఉంచారు. అప్పటి నుంచి పదో తరగతి దాకా ఆమె ఇంట్లోనే పెరిగాను. ఆమెకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, నోట్లో గుండుసూదులు పెట్టుకునే, "ఉందిగా ఒకటి, కనకుండానే వచ్చింది" అనేది. జ్వరమేలే అనుకున్నది ఊపిరితిత్తులకు పాకింది. తీసుకొచ్చిన రోజే గొంతులో గొట్టం వేసి మిషనుకు తగిలించారు.

పెద్దనాన్న బస్సు కండక్టరు. ఆయన గుసగుసలాడినా ఆ మాట చివరి సీటు దాకా వెళ్తుంది. నేను నోట్లో నాలుక లేని పిల్లనని ఎగతాళిగా నన్ను "రేడియో" అని పిలుస్తాడు. ఆసుపత్రిలో ఆయన కాలు నిలవలేదు. టీ కోసం, మందుల కోసం, ఫోన్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. మధ్యాహ్నం పన్నెండుకు డాక్టరు బయటికొచ్చి ఒక్కో మంచానికి మూడేసి మాటలు చెప్పేవాడు. పెద్దనాన్న వాటిని ఫోనులో చుట్టాలకు చెప్పేసరికి అవి ఆరు మాటలయ్యేవి. డాక్టరు "కిడ్నీలు ఎలా ఉన్నాయో చూస్తున్నాం" అంటే, ఈయన "కిడ్నీలు చూశారట, భేషుగ్గా ఉన్నాయట" అని చెప్పాడు. మర్నాడు డాక్టరు మొహాన్ని బట్టి అసలు సంగతి తెలిశాక, నీరసంగా బెంచీ మీద కూర్చుని, "రేడియో, ఇకనుంచి ఆయన ఏం చెప్పినా నువ్వు రాసిపెట్టు. నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది" అన్నాడు.

రాయడం నాకు కొత్త కాదు. ఎనిమిదో తరగతిలో తెలుగు మాస్టారు రోజుకు పది వాక్యాలు రాయమన్నారు. మిగతా పిల్లలు నెలలో మానేశారు. మాట్లాడక్కర్లేదు కాబట్టి నాకు అది నచ్చింది. ఆసుపత్రిలో బెంచీకి ఎదురుగా ఉన్నది ఆ తలుపు ఒక్కటే. అందుకని తలుపునే రాశాను. ఎన్ని గంటలకు ఏ మంచం మీదికి ఎవరు వెళ్ళారు, ఎవరు బయటికొచ్చారు, ఏ లిఫ్టులో వెళ్ళారు. ఎడమవైపు లిఫ్టు వార్డులకు వెళ్తుంది. వెనకవైపు ఇంకొకటి ఉంది. అందులో వెళ్ళేవాళ్ళకు దుప్పటి మొహం దాకా కప్పి ఉంటుంది. లోపల ఫోను మోగితే ఆ సమయం కూడా రాసేదాన్ని. ఎందుకు రాశానంటే ఏం చెప్పను? వినబడింది, రాశాను.

తొమ్మిదో రోజు పెద్దమ్మ గొట్టం తీశారు. ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కు పెట్టారు. పదో రోజు అయిదు నిమిషాలకు నన్ను లోపలికి పంపితే, మాస్కు ఎత్తి బొంగురు గొంతుతో, "నా కత్తెరతో కాగితాలు కోస్తున్నావా ఏంటే?" అంది. లేదన్నాను. "కోస్తే చంపుతా" అంది. బయటికొచ్చి ఆ రెండు మాటలూ రాసుకున్నాను. ఆ రోజు ఇంకేమీ రాయలేదు.

పదకొండో రోజు సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు లోపల ఫోను మోగింది. రాసుకుని, సీసా తీసుకుని కింద కుళాయి దగ్గరికి వెళ్ళాను.

కుళాయి దగ్గర ఒక ఆవిడ మొహం కడుక్కుంటూ ఉంది. చీర అంచు నిండా నీలం రంగు చుక్కలున్నాయి. నేను వాటినే చూస్తున్నానని గ్రహించి, "మా ఆయన గోడలకు రంగులేస్తాడమ్మా. ఆయన బట్టలు ఉతికీ ఉతికీ నావీ ఇలాగే అయ్యాయి" అంది. నేను తల ఊపాను.

"ఐసీయూ ఏ అంతస్తులో?" అని అడిగింది.

"మూడు."

"పొద్దున్నించి ఊపిరి అందట్లేదు ఆయనకి. ఇప్పుడే పైకి ఫోన్ చేశారు. పది నిమిషాల్లో మంచం ఖాళీ అవుతుందట, పంపిస్తామన్నారు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం కుదుటపడి ఉంది. "నువ్వు ఎవరి తాలూకు?"

"మా పెద్దమ్మ" అన్నాను. సీసా నిండింది. వచ్చేశాను.

పైకి వచ్చేసరికి పెద్ద సిస్టర్ తలుపు దగ్గర నిలబడి ఉంది. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీద పెట్టుకునే ఆవిడ. "మూడు వాళ్ళు, సామాన్లు సర్దుకోండి. పేషెంటు బాగున్నారు. వార్డుకి మార్చేస్తున్నాం" అంది.

పెద్దనాన్న రెండు చేతులూ జోడించాడు. "మీ చేతి చలవమ్మా! రేడియో, సంచీ తియ్యి. చెప్పానా, మీ పెద్దమ్మ గట్టి పిండం అని!"

ఆరు తాలూకు ఆవిడ కూడా లేచి నిలబడి, "అదృష్టవంతులు. మీరు బయటపడ్డారు" అంది.

నేను ముందు నోటుబుక్కు తీశాను. పెద్దమ్మ పేరు రాసి, పక్కన సమయం వేసి, వార్డుకు అని రాయాలి. అలాంటివే ముందు పేజీల్లో ఉన్నాయి కదా, అవి ఎలా రాశానా అని చూశాను. చూస్తూ వెనక్కి తిప్పాను. ఇంకా వెనక్కి తిప్పాను.

మేం వచ్చాక ఆ తలుపులోంచి వార్డుకు వెళ్ళినవాళ్ళు పద్నాలుగు మంది. తొమ్మిదిమంది పొద్దున పూట వెళ్ళారు, పెద్ద డాక్టరు రౌండు అయ్యాక. వాళ్ళ ఇంటివాళ్ళకు ఓ గంట ముందు చెప్పేవాళ్ళు. పేషెంటును కూర్చోబెట్టి, నాలుగు మెతుకులు తినిపించి పంపేవాళ్ళు. ఆ తొమ్మిదిమందిలో తిరిగొచ్చినవాడు ఒక్కడే. మిగతా అయిదుగురు సాయంత్రం పూట వెళ్ళారు. అయిదుగురి ముందూ ఒకటే రాసి ఉంది: లోపల ఫోను మోగింది. ఆ అయిదుగురిలో ముగ్గురు రెండు రోజుల్లో తిరిగొచ్చారు. ఆ ముగ్గురిలో ఇద్దరు వెనక లిఫ్టులో వెళ్ళారు.

నోటుబుక్కు మూయకుండానే లేచాను.

"పెద్దనాన్నా" అన్నాను.

"ఆఁ, పద పద. దుప్పటి ఆ సంచీలో పెట్టు."

"పెద్దనాన్నా, ఇప్పుడు వద్దు."

"ఏంటి వద్దు?"

నాకు చెప్పడం రాలేదు. నోటుబుక్కు పట్టుకుని పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి, ఆ పేజీ ఆమె మొహం ముందు పెట్టాను. ఆమె రెండు చేతుల్లోనూ ఫైళ్ళున్నాయి.

"ఏంటమ్మా ఇది? చదివే టైం లేదు నాకు. నోటితో చెప్పు."

"సాయంత్రం పంపినవాళ్ళు తిరిగొస్తున్నారండి."

"ఏంటి?"

"ఫోనొచ్చాక పంపినవాళ్ళు. అయిదుగురిలో ముగ్గురు వెనక్కొచ్చారు. ఇద్దరు చనిపోయారు. పొద్దున పంపినవాళ్ళలో ఒక్కడే వచ్చాడు." ఊపిరి తీసుకోకుండా చెప్పాను. "మా పెద్దమ్మని పొద్దున పంపండి."

పెద్ద సిస్టర్ కళ్ళద్దాలు కిందికి దించుకుంది. ఫైళ్ళు చంకలో ఇరికించి నోటుబుక్కు తీసుకుంది. పేజీ చదివింది. నా మీద కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ఆ పేజీలో ఉన్నది ఆమెకు కొత్త సంగతి కాదని అప్పుడే అర్థమైంది.

"ఎవరు చెప్పారు నీకిది?"

"ఎవరూ చెప్పలేదు. ఇక్కడ కూర్చుని రాసుకున్నాను."

ఆమె పుస్తకం నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. కాసేపటికి చిన్న డాక్టరు బయటికొచ్చాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో సగం కొరికిన బిస్కట్టు ఉంది, దాన్ని మర్చిపోయినట్టున్నాడు.

"ఎవరండీ ఈ లెక్కలు తీసింది?"

"మా రేడియోనండి!" అన్నాడు పెద్దనాన్న. ఈలోగా ఆయన నా చేతిలోంచి పుస్తకం లాక్కుని చదివేశాడు. గొంతు అప్పటికే పెరిగింది. "పదేళ్ళకోసారి నోరు తెరుస్తుంది, తెరిస్తే వట్టిమాట చెప్పదు. ఏం సార్, ఇది నిజమేనా? జనాన్ని తోసేస్తున్నారా మీరు?"

"తోసెయ్యడమేంటండీ. ఆవిడ బాగానే ఉన్నారు, అందుకే మారుస్తున్నాం. పద్నాలుగు మందిని చూసి ఏం తేలుతుందమ్మా?" అన్నాడు నావైపు తిరిగి.

నేను తల దించుకున్నాను. పద్నాలుగు మందితో ఏం తేలుతుందో నాకూ తెలియదు.

"బాగుంటే పొద్దునకీ బాగానే ఉంటుందిగా? పొద్దునే పంపండి" అన్నాడు పెద్దనాన్న.

చిన్న డాక్టరు గొంతు తగ్గించాడు. "చూడండి. కింద ఒకాయన ఉన్నాడు. ఆయనకి మంచం కావాలి. ఈ ఆరుగురిలో అందరికన్నా నయంగా ఉన్నది మీ ఆవిడే."

"కింద ఆయన సంగతి కిందవాళ్ళు చూసుకుంటారు సార్. మా మనిషి మూడులో ఉంది. మూడులోనే ఉంటుంది." అది చివరి సీటు దాకా వినపడే గొంతు. వరండా అంతా లేచి వచ్చింది. ఆరు తాలూకు ఆవిడ, అయిదు తాలూకు అన్నదమ్ములు, నిన్న వచ్చిన రెండు వాళ్ళు, అందరూ పెద్దనాన్న వెనక నిలబడ్డారు. "ఇవాళ వాళ్ళని పంపితే రేపు మమ్మల్ని పంపుతారు" అన్నారు ఎవరో. ఇంకెవరో ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు.

చిన్న డాక్టరు చేతిలో బిస్కట్టు వైపు చూశాడు. "సరే. పొద్దున రౌండు దాకా ఉంచుతాం" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ అయిదు నిమిషాల్లో నీలం చుక్కల చీర ఆవిడ నాకు గుర్తు రాలేదని రాయాలనుంది. డాక్టరు "కింద ఒకాయన" అనగానే గుర్తొచ్చింది. మొహం కడుక్కుంటున్న చేతులు కూడా గుర్తొచ్చాయి. నేను తల ఎత్తలేదు, అంతే.

ఆ సాయంత్రం వరండాలో నా పెళ్ళి జరిగినంత హడావిడి. అయిదు తాలూకు పెద్దాయన నా తల మీద చెయ్యి వేసి, "వకీలువి కావాలమ్మా నువ్వు" అన్నాడు. ఆరు తాలూకు ఆవిడ నోటుబుక్కు అడిగి తీసుకుని తనవాళ్ళ పేజీ చూసుకుంది. పెద్దనాన్న రెండు టీలు తెచ్చాడు, రెండూ నాకే ఇచ్చి తను తాగడం మర్చిపోయాడు. ఎనిమిదికి నన్ను ఆసుపత్రి పక్కన మేం అద్దెకు తీసుకున్న గదికి పంపేశాడు. అలిసిపోయి పడుకున్నాను. నిద్ర పట్టింది. అది కూడా రాయాలి.

పొద్దున వచ్చేసరికి పెద్ద సిస్టర్ డ్యూటీ దిగి వెళ్ళబోతోంది. "మీ పెద్దమ్మ రాత్రంతా హాయిగా నిద్రపోయింది. ఒక్కసారి కూడా అలారం మోగలేదు" అని చెప్పింది. అంటే నిన్న సాయంత్రం పంపినా నిద్రపోయేదేనా అని అడగాలనిపించింది. ఆమె నా మొహం చూసి, నేను అడగకుండానే, "ఏమో తల్లీ. అది ముందు తెలిస్తే మాకీ బాధెందుకు" అంది. మెట్ల దాకా వెళ్ళి ఆగింది. "కింద ఆయన్ని ఇంకో ఆసుపత్రికి పంపారు. దారిలోనే పోయాడు, మళ్ళీ ఇక్కడికే తెచ్చారు." ఆ మాట చెప్పి దిగిపోయింది. ఎందుకు చెప్పిందో తెలియదు. నన్ను తిట్టడానికి మాత్రం కాదు. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా.

బెంచీ మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాను. నేను రాసినవాళ్ళంతా ఆ తలుపు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళే. కింద ఉండిపోయినవాళ్ళు ఆ పదకొండు రోజుల్లో ఎంతమందో ఒక్క పేజీలోనూ లేదు. వాళ్ళకు మంచం నెంబరు లేదు, అందుకని తాత పిలవలేదు, తాత పిలవలేదు కాబట్టి నేను రాయలేదు.

తొమ్మిది దాటాక నీలం చుక్కల చీర ఆవిడ మెట్లెక్కి వచ్చింది. అదే చీర. చేతిలో ఒక కాగితం ఉంది. తాత దగ్గరికి వెళ్ళి, "చిన్న డాక్టరు సంతకం కావాలయ్యా. ఆయనే నిన్న కిందికొచ్చి చూసింది" అంది. రౌండు జరుగుతోంది, కూర్చోమన్నాడు తాత. ఆమె చుట్టూ చూసి, తెలిసిన మొహం నాదే కాబట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.

వరండా చివర పెద్దనాన్న ఫోనులో చుట్టాలకు చెబుతున్నాడు. నవ్వు వినిపిస్తోంది.

"మీ నాన్నా?"

"పెద్దనాన్న."

"మీ పెద్దమ్మకి తగ్గిందా?"

"తగ్గిందండి. వార్డుకి పంపుతున్నారు."

"మంచిదమ్మా. మంచిది" అంది. నిజంగానే అంది. నా చేతిలో పెన్ను చూసి, "కాస్త ఇది నింపిపెడతావా? నాకు సంతకం వరకే వచ్చు" అంటూ కాగితం ఇచ్చింది.

శవాన్ని తీసుకెళ్ళడానికి ఇచ్చే కాగితం అది. పేరు చెప్పింది, రాశాను. వయసు నలభై ఒకటి. పని, రంగులు వేయడం. ఆసుపత్రికి వచ్చిన సమయం, పొద్దున పది. కింద ఇంకో గడి ఉంది: ఐసీయూ మంచం అడిగిన సమయం. దాని పక్క గడిలో, ఇవ్వకపోవడానికి కారణం అన్నచోట, కింద గుమాస్తా ముందే "ఖాళీ లేదు" అని రాసేశాడు.

"మంచం ఎప్పుడు అడిగారో గుర్తులేదమ్మా. అయిదో, ఏడో. అప్పుడు నా బుర్ర నా దగ్గర లేదు" అంది.

నేను ఆరు గంటల ఇరవై నిమిషాలు అని అంకెల్లో రాసేశాను. రాయడం అయ్యాక గానీ చెయ్యి ఆగలేదు.

ఆమెకు చదవడం రాకపోయినా అంకెలు తెలుసు. కాగితం మీదికి వంగి చూసింది.

"ఆరూ ఇరవై. అవును, అంతే అయ్యుంటుంది." తర్వాత నా వైపు చూసింది. "నీకెలా తెలుసు?"

నిన్న ఊపిరి తీసుకోకుండా మాట్లాడినదాన్ని. ఇప్పుడు పెన్నుకు మూత పెడుతూ కూర్చున్నాను. వరండా చివర పెద్దనాన్న, "మా రేడియో ఒక్క మాటతో డాక్టర్నే ఆపేసింది బావా! లేకపోతే సాయంత్రమే బయటికి నెట్టేసేవాళ్ళు" అంటున్నాడు. ఆ గొంతు మామూలుగానే మా దాకా వచ్చింది. ఆమె అటు చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"ఫోను మోగింది. రాసుకున్నాను" అన్నాను. "మూడో మంచం ఇస్తామన్నారు. అది మా పెద్దమ్మది. నేనే వద్దన్నాను."

తిట్టినా బాగుండేది. ఆమె నా ఒళ్ళోంచి కాగితం తీసుకుని, మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని లేచింది. "పెన్ను కూడా తీసుకోండి" అన్నాను. తీసుకోలేదు. తాత దగ్గరికి వెళ్ళి, "అయ్యా, ఇందులో ఇంకో రెండు గడులు ఖాళీగా ఉన్నాయి, మీరు రాసిపెడతారా?" అంది.

"నాకెక్కడ కనపడుతుందమ్మా" అని తాత నావైపు చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ అమ్మాయినడుగు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి."

ఆమె కదల్లేదు. తలుపు తెరుచుకుని మా పెద్దమ్మ మంచం బయటికొచ్చినప్పుడు కూడా అక్కడే, గోడవైపు జరిగి దారిచ్చి, ఆ కాగితంతో నిలబడి ఉంది.